ఇంటి పిల్లికి వచ్చు చిన్న చర్మబాధలు

మన యిండ్లలో పిల్లికి ఒక ప్రత్యేకమైన స్థానము గలదు. ఆవును మనము కట్టివేసి పోషింతుము. కుక్కను పేరుపెట్టి పిలుతుము. పిల్లి మాత్రము తనంతట తానే వచ్చి, పొయ్యిగడ్డ ప్రక్కనో బియ్యపు బస్తాల మీదనో తన చోటు తానే యేర్పరచుకొనును. ఎలుకలను పట్టినంత కాలము దానిని మెచ్చుకొందుము. పాలగిన్నె మూత తీసిననాడు తిట్టుదుము. ఆవునకు జబ్బు చేసినచో పశువైద్యునికొరకు పరుగెత్తుదుము గాని, పిల్లి రేయింబవళ్లు గోకుకొనుచున్నను, వెండ్రుకలు రాలి ఒడలు బోడి యగుచున్నను, "పిల్లికేమి, అదే నాకుకొని బాగుచేసికొనును" అని ఊరకుందుము. లేదా చేతికందిన మందేదో దానికి పూయుదుము. ఈ రెండు పద్ధతులలో రెండవదియే యెక్కువ ప్రమాదకరమైనదని మేము మా యనుభవముచేత నేర్చుకొంటిమి. ఆ యనుభవమును, దాని తరువాత మేము తెలిసికొన్న సంగతులను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

మా వసతిగృహపు సామానుల గదిలో బూడిదరంగు చారలు గల ఆడపిల్లి యొకటి యున్నది. స్టోరుగదిలో నుండుటచేత బాలురు దానికి స్టోరమ్మ యని పేరు పెట్టిరి. కొన్ని సంవత్సరముల క్రిందట అది మూడు కూనలను పెట్టెను. వానిలో నొకటి, నాలుగు పాదములును తెల్లగా నున్నది, ఎడతెగక గోకుకొనుచుండెను. వెండ్రుకలు పాయదీసి చూడగా గోధుమరంగు పురుగులు పరుగెత్తుచుండెను. మాకు తెలిసిన గృహస్థుడొకడు తన కుక్కకు వాడగా మిగిలిన మందును దయతో ఇచ్చెను. కుక్కకు మేలుచేసినది పిల్లికేల చేయదని తలంచి, మేమే మా చేతులతో దానిని ఆ కూన వీపున పూసితిమి. సాయంకాలమునకు దాని చెవులు అదర నారంభించెను. రాత్రి యంతయు ఒడలు వణకుచు, కాళ్లు కొట్టుకొనుచుండెను. తెల్లవారుజామున అది చనిపోయెను.

ఆ మందుపెట్టె మీద, కుక్కలకు మాత్రమే యుపయోగింపవలెననియు, పిల్లులకు పూయకూడదనియు స్పష్టముగా వ్రాసియుండెను. మేము చదువలేదు. చదువు చెప్పు వారమై యుండియు చదువలేదు. తల్లిపిల్లి రెండు దినములు బస్తాల వెనుక తన కూనను వెదకుచుండగా, దాని నెదుట నిలుచుటకు మాకు సిగ్గు కలిగెను.

పిల్లి నాలుక చేయు పని

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున ప్రకృతి పరిశీలన పాఠమునకు ఒక క్రమము నేర్పిరి. మొదట చూడుము, తరువాత పోల్చుము, ఆ పిమ్మటనే పేరు పెట్టుము. ఈ క్రమమును మేము ఎందరో బాలురకు బోధించితిమి గాని, పిల్లి విషయమున పాటించలేదు. కూన చనిపోయిన పిదప మేము మొదటినుండి చూడ నారంభించితిమి. ఒక సెలవుదినమున స్టోరమ్మను ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు గమనించితిమి. అది నిద్రించును, లేచిన వెంటనే నాకుకొనును, తినును, మరల నాకుకొనును, ఎవరైన దానిని ముట్టుకొన్నచో, ముట్టుకొన్న చోటనే ముందుగా నాకుకొనును. పిల్లి తాను మేల్కొనియుండు కాలములో నాలుగవ వంతు వరకు ఈ పనికే వినియోగించునని పరిశీలకులు చెప్పుచున్నారు.

పిల్లి మన చేతిని నాకినప్పుడు దాని నాలుక ఆకురాయివలె గరుకుగా తోచును. దాని మీద కంఠమువైపునకు వంగిన సన్నని ముండ్లు వందలకొలది గలవు. మన గోళ్లు ఏ పదార్థముతో నేర్పడినవో, ఆ కెరాటిను అను పదార్థముతోనే అవియు నేర్పడినవి. 2018 లో అమెరికాలోని జార్జియా టెక్ విద్యాలయమున అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ అనువారు, ఈ ముండ్ల కొనలు చెంచావలె గుంటపడి యున్నవనియు, అవి నోటిలోని లాలాజలమును వెండ్రుకల మొదళ్ల వరకు చేర్చుననియు చూపించిరి. 2000 లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, నాకుకొనుటకు వీలులేకుండ మెడకు అడ్డుపట్టీ కట్టిన పిల్లుల మీద మూడు వారముల తరువాత, స్వేచ్ఛగా నున్న పిల్లుల మీదకంటె దాదాపు రెండింతల పురుగులు కనబడెను.

ఇట్లు పిల్లికి నాలుకయే దువ్వెన, నాలుకయే తువాలు. కాని యీ మేలులోనే అపాయము గలదు. ఒడలిమీద పడిన ప్రతి వస్తువును ఆ నాలుక నోటిలోనికి తెచ్చును. ముండ్లు వెనుకకు వంగియుండుటచేత, నోటికి వచ్చిన దానిని ఉమ్మివేయుట దానికి కష్టము. మనకు పైపూత మందు వేరు, లోపలికి పుచ్చుకొను మందు వేరు. పిల్లికి ఆ భేదము లేదు. దాని చర్మమునకు పూసిన దెల్ల అది తినుననియే మన మెంచవలెను. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

దీనికి తోడు పిల్లి కాలేయమున ఒక లోపము గలదు. మనుష్యుని కాలేయము కొన్ని విషపదార్థములకు గ్లూకురోనిక్ ఆమ్లమును జతపరచి, వానిని నీటిలో కరగునట్లు చేసి, మూత్రముద్వారా వెలుపలికి పంపివేయును. ఈ పని చేయు ఎంజైములలో ముఖ్యమైన దొకటి పిల్లులలో తయారు కాదు. దానికి సంబంధించిన జన్యువు పిల్లి జాతియందు చెడిపోయియున్నది. కాబట్టి మన శరీరము సులభముగ తొలగించుకొను పదార్థము పిల్లి శరీరమున నిలిచిపోయి విషమగును. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ బిళ్ల యొక్కటే పెద్దపిల్లి ప్రాణము తీయగలదు.

ఈ రెండు సంగతులను కలిపి చూచినచో, మన యిండ్లలో పిల్లికి పూయుచుండు వస్తువులలో ననేకము ఎంత ప్రమాదకరమైనవో తెలియును. కిరసనాయిలు చర్మమును పొక్కించును. నాకినప్పుడు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలిగించును. ఫినాయిలు, నీటిలో పోయగానే పాలవలె తెల్లనగు క్రిమిసంహారక ద్రవములు, ఫినాలు జాతికి చెందిన పదార్థములు గలవి గనుక పిల్లికి విషములు. కలరా ఉండలు, కర్పూరము అట్టివే. వేపనూనె చెట్టునుండి వచ్చినది గనుక నిరపాయమని తలంచుదుము గాని, అదియు పిల్లులకు హాని చేసిన సందర్భములు గలవు. మనుష్యుల తామరకు చిరకాలమునుండి వాడుచున్న విట్‌ఫీల్డ్ లేపనములో నూటికి 6 వంతులు బెంజోయిక్ ఆమ్లమును, 3 వంతులు సాలిసిలిక్ ఆమ్లమును ఉండును. ఆ రెండును పిల్లి కాలేయము సహింపజాలనివే.

మేము ఆ కూనకు పూసిన మందులో పెర్మెత్రిన్ అను పదార్థ ముండెను. దీనిని 1973 లో ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్ పరిశోధనాలయమున మైకేల్ ఎలియట్ బృందమువారు లోకమునకు తెలియజేసిరి. అది మనుష్యుల గజ్జికి లేపనముగా వాడబడుచున్నది. కుక్కలు దానిని సహించును. పిల్లిని అది నరములు పట్టి వణకించి చంపును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత మన యెడల ఇట్లు నిజమైనది.

మిన్నల్లులు

పిల్లి గోకుకొనుటకు సాధారణమైన కారణము మిన్నల్లి. మన వాడుకలో దీనిని కూడ పేను అని పిలుచువారు గలరు గాని, పేను ప్రాకును, మిన్నల్లి ఎగురును. పిల్లులమీదను కుక్కలమీదను తరచుగా కనబడునది టెనోసెఫాలైడెస్ ఫెలిస్ అను జాతి. ఇది ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచగా నుండుటచేత వెండ్రుకల నడుమ సులభముగ పరుగెత్తును.

"మా పిల్లి గడప దాటదు, దానికి పురుగు లెట్లు వచ్చును?" అని కొందరు అడుగుదురు. గడప దాటునది పిల్లి యొక్కటే కాదు. కుక్క వచ్చును, ఎలుక వచ్చును, మన బట్టలపై పురుగు వచ్చును. ఒక్క ఆడుపురుగు వచ్చిన చాలును. అది దినమునకు 40 లేక 50 గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్లు పిల్లిమీద నిలువక, అది పండుకొన్న చోట రాలును. వానినుండి వచ్చు చిన్నపురుగులు వెలుతురునకు వెరచి, గచ్చు పగుళ్లలోనికిని చాపల క్రిందికిని చేరి, పెద్దపురుగులు విసర్జించిన ఎండిన రక్తమును తిని పెరుగును. పిమ్మట గూడు కట్టుకొనును. ఆ గూటిలో, పైన నడచు ప్రాణి యొక్క వేడిమియు కదలికయు తెలియువరకు, నెలల తరబడి వేచియుండగలదు. చాలకాలము మూసియుంచిన గదిని తెరచిన వెంటనే కాళ్లకు పురుగులు కుట్టుట కిదియే కారణము. కాబట్టి పిల్లిమీద మనకు కనబడు పురుగులు కొన్ని మాత్రమే. అధికభాగము ఇంటి నేలలో నున్నవి. పిల్లికి మాత్రమే మందు పూసి నేలను విడిచిన వాని శ్రమ వ్యర్థమగును.

మిన్నల్లి యున్నదో లేదో తెలిసికొనుటకు బాలురు చేయదగిన పరీక్ష యొకటి గలదు. పిల్లిని తెల్లని కాగితముపై నిలిపి ఈరుపెనతో వీపున దువ్వవలెను. మిరియపు పొడివంటి నల్లని నలుసులు కాగితముపై రాలినచో, వానిపై రెండు చుక్కల నీరు పోయవలెను. మట్టి యైనచో మట్టివలెనే యుండును. మిన్నల్లి మలమైనచో చుట్టును ఎఱ్ఱని మరక వ్యాపించును. ఏలయన, అది పిల్లి రక్తమే. మా ఎనిమిదవ తరగతి బాలురు ఈ పరీక్ష చేసి, ఆ యెఱ్ఱని మరకను చూచి నిశ్శబ్దులైరి.

కొన్ని పిల్లులకు పురుగు కాటు పడదు. వానికి ఒకటి రెండు కాట్లు చాలును. తోక మొదట, వీపున, మెడచుట్టు ఆవగింజలవంటి పక్కులు లేచును. అవి గోకి, నాకి, వెండ్రుకలు పోగొట్టుకొనును. పురుగును నాకి మ్రింగిన పిల్లికి బద్దెపురుగు కూడ పట్టును. బియ్యపు గింజలవంటి తునకలు దాని మలద్వారము చుట్టు కనబడును. చిన్న కూనలకు మిన్నల్లులు విస్తారముగ పట్టినచో రక్తహీనత కలిగి, చిగుళ్లు తెల్లబడి, చనిపోవుటయు గలదు. అట్టి కూనను దినమునకు రెండుమార్లు ఈరుపెనతో దువ్వి, వచ్చిన పురుగులను సబ్బునీటిలో వేయుట అన్నిటికంటె నిరపాయమైన చికిత్స. మా తెల్లపాదముల కూనకు ఈ పని చేసియుండవలసినది.

పెద్దపిల్లులకు సెలమెక్టిన్, ఫిప్రోనిల్ మొదలైన మందులు గలవు. పిల్లులకొరకే తయారైన వానిని, దాని బరువును వయస్సును చూచి, పశువైద్యుడు చెప్పినంత మాత్రమే వాడవలెను. ఈ చుక్కలను ఎక్కడ వేయుదురో గమనింపుడు. మెడ వెనుక, తల క్రింద, వెండ్రుకలు పాయదీసి చర్మముమీద వేయుదురు. ఏలయన, పిల్లి ఒడలిలో దాని నాలుక అందని చోటు అదియే. ఇంటిలోని పిల్లులకును కుక్కలకును అన్నిటికి ఒకేసారి, దేని మందు దానికి, కనీసము మూడు మాసములు చేయవలెను. పిల్లి పండుకొను గుడ్డలను వేడినీట ఉతికి ఎండవేయవలెను. పగుళ్లను ప్రతిదినము ఊడ్చి, ఆ చెత్తను ఇంటికి దూరముగ పారవేయవలెను.

తామర

తామర కలుగుటకు కారణము పురుగు కాదు; బూజు జాతికి చెందిన శిలీంధ్రము. పిల్లులలో మైక్రోస్పోరము కేనిస్ అనునది ముఖ్యము. దీనివలన ముఖముమీదను, చెవులమీదను, ముందుకాళ్లమీదను వెండ్రుకలు విరిగి, బోడిమచ్చలు పడి, బూడిదవంటి పొలుసులు లేచును. పిల్లికి దురద అంతగా నుండకపోవచ్చును. కొన్ని పిల్లులయందు ఏ గుర్తును కనబడకయే శిలీంధ్రముండును. రాలిన వెండ్రుకలలో దాని బీజములు ఏడాదికి పైగా సజీవముగ నుండగలవు. ఇది పిల్లినుండి మనుష్యునికి, ముఖ్యముగ పిల్లిని ఒడిలో నుంచుకొను పిల్లలకు, అంటుకొనును. ఆరోగ్యముగల పిల్లికి కొన్ని నెలలలో దానంతట నదియే పోవచ్చును గాని, అంతవరకు ఇల్లంతయు అంటించుచుండును గనుక చికిత్స చేయించుటయే మంచిది.

ఈ తామర విషయముననే స్టోరమ్మకు గొప్ప కష్టము వచ్చెను. కూన చనిపోయిన మరుసటి సంవత్సరము వానకాలమున, వసతిగృహములోని చిన్న బాలురలో అయిదుగురికి నడుమునకును తొడలకును తామర లేచెను. ఆ దినములలోనే స్టోరమ్మ తోక మొదట రూపాయంత బోడిమచ్చ కనబడెను. ఇక సాక్ష్యమెందుకు? పిల్లియే అంటించెనని అందరును నిశ్చయించిరి. దానిని గోనెసంచిలో కట్టి కాలువ ఆవల విడిచిపెట్టుటకు ఏర్పాటు జరిగెను. మేమును అడ్డుచెప్పలేదు. బిడ్డల ఆరోగ్యము ముఖ్యము గదా యని తలంచితిమి.

ఆ రాత్రి ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా గది వాకిట నిలిచి, "మాస్టారూ, అది తామరో కాదో ఎవరైనా చూశారా అండీ?" అని అడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేదు. ఎవరును చూడలేదు. మొదట చూడుము, తరువాత పోల్చుము, ఆ పిమ్మటనే పేరు పెట్టుము అని ఆ బాలునికి చెప్పినవారము మేమే.

మరునాడు సంచికి బదులు గంప తెప్పించి, స్టోరమ్మను పశువైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన గది చీకటి చేయించి, ఊదారంగు వెలుతురునిచ్చు దీపమును దానిపై ప్రసరింపజేసెను. ఇది రాబర్ట్ విలియమ్స్ వుడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుని పేర వుడ్ దీపమని పిలువబడును. 1925 నుండి దీనిని తామర గుర్తించుటకు వాడుచున్నారు. మైక్రోస్పోరము పట్టిన వెండ్రుకలు తరచుగా ఆ వెలుతురులో పచ్చియాపిలు పండు రంగున మెరయును. స్టోరమ్మ వెండ్రుకలు మెరయలేదు. మెరయకపోయినంత మాత్రమున లేదని నిశ్చయింపరాదని చెప్పి, ఆయన మచ్చ అంచుననున్న వెండ్రుకలను పెరికి సూక్ష్మదర్శినిలో చూచెను. కొన్నిటిని పరీక్షకు పంపెను. పిమ్మట తెల్లకాగితము తెప్పించి దాని వీపును దువ్వి, నల్లని నలుసులపై నీటిచుక్కలు వేసెను. ఎఱ్ఱని మరక వ్యాపించెను. అది మిన్నల్లుల బాధ.

పరీక్ష ఫలితము వచ్చుటకు మూడు వారములు పట్టెను. అంతవరకు స్టోరమ్మను వేరుగా నొక గదిలో నుంచితిమి. ఆ బాలుడే దానికి అన్నము పెట్టి, చేతులు సబ్బుతో కడుగుకొనుచుండెను. ఫలితములోను తామర లేదని తేలెను. ఈలోగా బాలురను చూచిన వైద్యుడు వారి తువాళ్ల సంగతి అడిగెను. వానలలో బట్టలు ఆరక, అయిదుగురును రెండు మూడు తువాళ్లనే మార్చి మార్చి వాడుకొనుచుండిరి. మన దేశమున మనుష్యుల ఒడలిమీద కనబడు తామరలో అధికభాగము ట్రైకోఫైటన్ అను వేరొక శిలీంధ్రమువలన కలుగుచు, మనుష్యునినుండి మనుష్యునికే అంటుచున్నది. ఎవరి తువాలు వారికి ఏర్పరచి, అందరికి ఒకేసారి మందు వాడించి, బట్టలు పూర్తిగా ఆరిన పిదపనే తొడుగుకొన నియమించగా, బాలురకు క్రమముగా నయమయ్యెను.

పిల్లివలన తామర రానేరదని మేము చెప్పుట లేదు. నిశ్చయముగ వచ్చును. అట్లు వచ్చినప్పుడు పిల్లిని సులభముగ కడుగదగిన గదిలో నుంచి, వైద్యుడిచ్చిన మందు ముగియువరకు వాడి, రాలిన వెండ్రుకలను తడిగుడ్డతో తుడిచి, దాని గుడ్డలను ఉతుకవలెను. బ్లీచింగు నీటితో నేల కడిగినయెడల, మరల మంచినీటితో కడిగి, ఆరిన పిదపనే పిల్లిని విడువవలెను. లేనిచో తడిసిన పాదములను అది నాకును. కాని నేరమును విచారింపకయే శిక్షించుట పిల్లి యెడల నైనను న్యాయము కాదు. దానిని కాలువ ఆవల విడిచియుండినచో, పిల్లియు పోయియుండును, తామరయు మిగిలియుండును.

చెవులు, మూతి, ఇతర స్థానములు

పిల్లి తల విదిలించుచు, చెవులను వెనుకకాలితో గోకుకొనుచున్నచో, చెవిలోపల చూడవలెను. కాఫీపొడివంటి నల్లని గులిమి యున్నచో, ఓటోడెక్టెస్ అను కంటికి కనబడీ కనబడని పురుగులు అందు చేరియుండవచ్చును. ఇవి తల్లినుండి కూనలకు వచ్చును. చెవిలో నూనె పోయుటయు, పుల్లతో గెలుకుటయు కూడదు. లోపలి పొర చిరిగినచో పిల్లి వినికిడి చెడిపోవచ్చును. చెవుల అంచులనుండి ముఖము వరకు బూడిదరంగు పక్కులు దట్టముగా కట్టి, దురద మిక్కుటముగా నున్నచో, అది పిల్లిగజ్జి. దానికి నోటోయెడ్రెస్ అను పురుగు కారణము. దానిని ఎత్తుకొన్న మనుష్యులకును కొన్నాళ్లు దురద కలుగవచ్చును. ఈ రెండును పశువైద్యుని మందుతో సులభముగ కుదురును.

గడ్డము క్రింద నల్లని చుక్కలు మసివలె కనబడుట కొన్ని పిల్లులకు కలదు. అవి చర్మపు జిడ్డుతో మూసికొనిపోయిన రంధ్రములు, మన యువకుల మొటిమలవంటివి. వానిని గిల్లకూడదు. గీతలుపడిన ప్లాస్టిక్ గిన్నెలకు బదులు లోహపు గిన్నెలోనో పింగాణి గిన్నెలోనో అన్నము పెట్టి, దినదినము తోముచుండుట మంచిది. నడుముమీద చుండ్రు లేచినయెడల, పిల్లి లావెక్కి తన వీపును తాను అందుకొనలేకున్నదేమో, లేక ముసలిదై కీళ్లనొప్పులచేత వంగలేకున్నదేమో చూడవలెను. అప్పుడు దాని నాలుక చేయలేని పనిని మన దువ్వెన చేయవలెను.

పొట్టయు తొడల లోపలిభాగమును బోడి యగునట్లు నాకుకొను పిల్లికి దురద యుండవచ్చును. లోపల నొప్పి యుండవచ్చును. ఇల్లు మారుట, క్రొత్త జంతువు వచ్చుట మొదలైన వానివలన కలిగిన దిగులైనను ఉండవచ్చును. రెండు పిల్లులు పోట్లాడిన పిదప నాలుగైదు దినములకు ఒకచోట వాచి వేడిగా నున్నచో, అది పంటిగాటు పైన మూసికొనిపోయి లోపల చీము పట్టిన గడ్డ. దానిని ఇంటిలో కోయరాదు. తెల్లపిల్లి చెవుల కొనలయందు ఎండవలన పుండుపడి, మూడు వారములైనను మానకున్నచో, దానిని చిన్నబాధగా నెంచకూడదు; అది పుట్టకురుపునకు ఆరంభము కావచ్చును. అట్టి పిల్లిని మిట్టమధ్యాహ్నపు ఎండలో కిటికీయందు పండుకొననీయరాదు.

గుర్తుంచుకొనదగిన నియమములు

పిల్లి తినకూడని దేదియు దాని చర్మమునకు పూయకూడదు. కుక్క మందు పిల్లికి వాడకూడదు. మందుపెట్టె మీది వ్రాత మొదటినుండి చివరవరకు చదువవలెను. వారమున కొకసారి పిల్లిని దువ్వి, చెవులను, గడ్డమును, తోక మొదలును వెలుతురులో చూడవలెను. అది తిండి మానినను, పుండ్లు వ్యాపించినను, చీము కారినను పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పొరపాటున కూడని మందు పూయబడినయెడల, గోరువెచ్చని నీటితోను, పాత్రలు తోము ద్రవసబ్బు కొంచెముతోను వెంటనే కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి, ఆ మందుపెట్టెను కూడ తీసికొని పశువైద్యునియొద్దకు పోవలెను. వాంతి చేయింప ప్రయత్నింపకూడదు. ఆ రాత్రి మా కీ సంగతి తెలిసియుండినచో, ఆ కూన బ్రదికియుండునేమో. పిల్లిని పట్టుకొనుటలో అది కరచినను గీరినను, ఆ గాయమును సబ్బుతో ధారగా పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, వెఱ్ఱికుక్క వ్యాధి సూదిమందుకొరకు వైద్యునియొద్దకు తప్పక పోవలెను. ఇంటి పిల్లియే గదా యని ఉపేక్షింపరాదు.

స్టోరమ్మ ఇప్పుడు ముసలిదైనది. ఆనాడు మా వాకిట నిలిచి ప్రశ్న అడిగిన బాలుడు పాఠశాల చదువు ముగించుకొని వెళ్లిపోయెను. వెళ్లునప్పుడు తన ఈరుపెనను తరువాతి తరగతి బాలున కప్పగించెను. ప్రతి శనివారము సాయంకాలము సామానుల గది మెట్లమీద ఒక బాలుడు కూర్చుండి, తెల్లకాగితము పరచి, దానిని దువ్వుచుండును. మిగిలిన బాలురు చుట్టును చేరి, నలుసులపై నీటిచుక్క వేసి, రంగు మారునో లేదో యని వంగి చూచుచుందురు. తలిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడు ఆ మెట్లవద్ద కొంచెము నిలిచి చూడగోరుచున్నాము.